అబ్బాయి నర్సింగ్‌లో చేరవచ్చా? వార్డుల్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన ఒక నర్సు జవాబు

తమ్ముడూ,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంటర్ బైపీసీ అయింది, ఎంబీబీఎస్ అందలేదు, బీఎస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది. "ఆడవాళ్ల చదువు నీకెందుకు" అని నాన్నగారు అడ్డుపడుతున్నారు. స్నేహితులు నవ్వుతున్నారు. ప్రసూతి వార్డుకు పంపితే ఎలా అని నీకు భయంగా ఉంది. ఉద్యోగాలన్నీ అమ్మాయిలకేనని ఎవరో చెప్పారు. సీటు ఉంచుకోవాలా, వదులుకుని ఇంకో ఏడాది నీట్ రాయాలా అని అడిగావు.

నేను 2002లో బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేశాను. హైదరాబాద్‌లో రెండు ప్రైవేటు ఆసుపత్రులు, ఆరేళ్లు సౌదీ అరేబియా, ఆ తరువాత ప్రభుత్వ ఆసుపత్రి. ఎక్కువ కాలం ఐసీయూలో గడిచింది, ఇప్పుడు మగవాళ్ల సర్జికల్ వార్డులో ఉన్నాను. మా బ్యాచ్‌లో అబ్బాయిలం నలుగురం చేరాం, ఇద్దరం మిగిలాం. మానేసిన ఇద్దరూ చదువు రాక మానలేదు, ఇంటికి వెళ్లినప్పుడల్లా వినవలసి వచ్చిన మాటలు భరించలేక మానేశారు. కాబట్టి ఆ మాటల సంగతే ముందు చెబుతాను.

మన పల్లెల్లో నర్సుకు ఉన్న పేరు నర్సమ్మ. మగవాడు ఆ పని చేస్తే పిలవడానికి మాటే లేదు. ఆసుపత్రిలోనైతే సిస్టర్‌కు జోడీగా బ్రదర్ అన్న పిలుపు ఉంది, ఊళ్లో అదీ లేదు. మాది ప్రకాశం జిల్లా. నేను సెలవులకు వెళితే రచ్చబండ దగ్గర "అదిగో నర్సయ్య వచ్చాడు" అనేవారు. నర్సయ్య మంచి పేరే, నరసింహస్వామి పేరు, మా ఊళ్లో ఆ పేరున్నవారు ముగ్గురున్నారు. నన్ను పిలిచినప్పుడు మాత్రం అది వెక్కిరింపు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మా నాన్న ఆ మాట విని, విననట్టు పక్కకు తిరగడం చూశాను. ఆ రోజు నాకు కోపం రాలేదు, సిగ్గు వేసింది. అందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే సిగ్గుపడవలసినది నేను కాదు.

ఆ నవ్వు ఎక్కడ నుంచి వస్తుందో గమనించు. ఊళ్లో ఒక అమ్మాయి ట్రాక్టరు నడిపితే పత్రికలో ఫొటో వేస్తారు. అబ్బాయి ఒక రోగికి ఒళ్లు తుడిస్తే నవ్వుతారు. మగవాళ్ల పని చేసిన ఆడపిల్ల ఒక మెట్టు ఎక్కిందనీ, ఆడవాళ్ల పని చేసిన మగపిల్లవాడు ఒక మెట్టు దిగాడనీ లెక్క. అంటే ఆ నవ్వు నీ దాకా వచ్చేలోపే నీ పక్కన పనిచేయబోయే ప్రతి సిస్టర్‌నూ తక్కువ చేసి వచ్చింది. ఆమె చేసే పని తక్కువది అన్న నమ్మకం లేకపోతే నిన్ను చూసి నవ్వడానికి ఏమీ ఉండదు. ఈ సంగతి నాకు అర్థమవడానికి నాలుగేళ్లు పట్టింది. నువ్వు చేరకముందే అర్థం చేసుకుంటే, "నేను మగవాడినే" అని రుజువు చేసుకోవడానికి నేను వృథా చేసిన కాలం నీకు మిగులుతుంది. కష్టమైన కేసులకు ముందుకు దూకడం, బెడ్‌పాన్ అందించవలసి వచ్చినప్పుడు ఏదో పని ఉన్నట్టు పక్కకు తప్పుకోవడం, ఇవన్నీ నేను చేశాను. ఒక రోజు ఒక సీనియర్ సిస్టర్ నా చేతిలో బెడ్‌పాన్ పెట్టి, "ఇది చేయకపోతే ఆయన మూత్రం రంగు నీకెలా తెలుస్తుంది?" అని అడిగారు. నేను ఆ రోగికి చార్టు రాస్తున్నాను. రంగు గడి ఖాళీగా ఉంది.

ఈ పని మొదటి నుంచీ ఆడవాళ్లదే అన్న మాట కూడా నిజం కాదు. చరక సంహిత వైద్యానికి నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఆ పరిచారకుడికి ఉండవలసిన గుణాలు కూడా నాలుగే: ఉపచారం తెలిసి ఉండడం, నేర్పు, రోగి మీద ప్రేమ, శుచి. అక్కడ వాడిన మాట పరిచరుడు, పుంలింగం. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరున శిక్షణ పాఠశాల మొదలయ్యాక నర్సింగ్ గౌరవమైన వృత్తిగా నిలబడింది. ఆ కాలంలో చదువుకున్న ఆడవాళ్లకు బయట గౌరవంగా చేయదగిన ఉద్యోగాలు లేవు. ఆమె ఆ తలుపు తీసింది, దానికి మనమంతా రుణపడి ఉన్నాం. అయితే ఆ తలుపు లోపల మగవాడికి చోటు లేదు. బ్రిటన్‌లో 1919లో నర్సుల రిజిస్టరు చట్టం వచ్చినప్పుడు మగ నర్సులను వేరే విభాగంలో రాశారు. ప్రధాన రిజిస్టరులో వాళ్ల పేర్లు చేరడానికి 1949 దాకా పట్టింది. అక్కడి నర్సుల సంఘం, రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్, మగవాళ్లను 1960లో చేర్చుకుంది. అమెరికా సైన్యంలో నర్సుల దళం 1901లో ఏర్పడితే మొదటి మగ నర్సుకు అధికారి హోదా 1955లో దక్కింది. అంతకుముందు మగవాళ్లు నర్సింగ్ చేసిన చోటు ఎక్కువగా మానసిక వైద్యశాలలు. కారణం నీకు తెలుసు, కండబలం.

ఒక కేసు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో ఒక లెక్చరర్ దీని గురించి చెప్పారు, అప్పటి నుంచి నాకు చాలా ఇష్టం. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, కొలంబస్ అనే పట్టణం. జో హోగన్ అప్పటికే అక్కడి ఆసుపత్రిలో నర్సు. పై చదువు కోసం ఊళ్లోనే ఉన్న ప్రభుత్వ మహిళా విశ్వవిద్యాలయంలో దరఖాస్తు చేశాడు. అర్హతలన్నీ ఉన్నాయి, మగవాడివి కాబట్టి సీటు ఇవ్వం అన్నారు. కావాలంటే తరగతిలో కూర్చుని విను, పట్టా మాత్రం ఇవ్వం అన్నారు. అతను కోర్టుకు వెళ్లాడు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఇంకోవైపుగా అతని పక్షాన తీర్పు ఇచ్చింది. తీర్పు రాసినది ఆ కోర్టులో మొట్టమొదటి మహిళా న్యాయమూర్తి శాండ్రా డే ఓకానర్. మగవాళ్లను బయట ఉంచడం ఆడవాళ్లకు మేలు చేయడం కాదని, నర్సింగ్ ఆడవాళ్ల పని మాత్రమే అన్న పాత ముద్రను అది ఇంకా గట్టి చేస్తుందని ఆమె రాశారు. మగవాళ్లను దూరం పెట్టడం వల్ల నర్సుల జీతాలు కూడా అణిగి ఉన్నాయని నర్సుల సంఘం ప్రతినిధులే అన్న సంగతిని ఆ తీర్పు అడుగున సూచికలో చేర్చారు. ఈ చివరి మాట మీద నేను చాలాసార్లు ఆలోచించాను. ఆడవాళ్ల పని అన్న పేరు పడ్డ ప్రతి పనికీ జీతం తక్కువే, అది సేవ కదా అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది.

ఇక మన దేశానికి వస్తాను. నీకు ఉద్యోగాల గురించి చెప్పినవాళ్లు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. సైన్యంలోని మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ఆడవాళ్లకే. ఏఎన్ఎం కోర్సూ అమ్మాయిలదే. 1970ల మొదట్లో కర్తార్ సింగ్ కమిటీ సిఫారసులతో పల్లెల్లో ఆడ, మగ ఆరోగ్య కార్యకర్తలన్న విభజన వచ్చింది కాబట్టి మగవాళ్లకు వేరే శిక్షణ, వేరే పోస్టు ఉంటాయి. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు వందలో 80 మహిళలకు, 20 పురుషులకు అని 2019లో నిర్ణయించారు. దాని మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. ఆ పోస్టులకు పెట్టే పరీక్ష నార్సెట్ రాసే ఉద్దేశం ఉంటే ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఆ నిష్పత్తి ఏమని ఉందో స్వయంగా చదువు, ఎవరి మాటా నమ్మకు. పోటీ గట్టిది. రాజస్థాన్ నుంచి అబ్బాయిలు పెద్ద సంఖ్యలో రాస్తారు, అక్కడ మగ నర్సు అంటే ఎవరూ తిరిగి చూడరు. నా దగ్గర పనిచేసిన ఒక రాజస్థాన్ కుర్రాడు మన నర్సయ్య కథ వింటే అతనికి అందులో నవ్వు ఎక్కడుందో అర్థం కాలేదు. నిన్ను చూసి నవ్వేది నీ ఊరు మాత్రమే అని దానివల్ల తెలుస్తుంది.

మన రాష్ట్రానికి సంబంధించి ఒక పాత నియమం ఉంది, దాన్ని నువ్వు తెలుసుకోవడం మంచిది. 1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల నియమావళిలో 22ఎ అనే నియమం చేర్చింది. ఆడవాళ్లకు ఎక్కువ తగిన పోస్టుల్లో వారికే ప్రాధాన్యం, ఇద్దరికీ సమానంగా తగిన పోస్టుల్లో మహిళలకు 30 శాతం అని అందులో ఉంది. పి.బి. విజయకుమార్ అనే వ్యక్తి సవాలు చేస్తే 1995లో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని సమర్థించింది, రాజ్యాంగం 15(3) అధికరణం మహిళల కోసం ప్రత్యేక ఏర్పాట్లకు వీలిస్తుందని చెప్పింది. ఆ 30 శాతం న్యాయమైనదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. నాకు ఇబ్బందిగా అనిపించేది "ఆడవాళ్లకు ఎక్కువ తగినది" అన్న మొదటి భాగం. ఏ పని ఎవరికి తగినదో ఎవరు, ఏ కొలతతో తేల్చారు? రోగిని చూసుకోవడం ఆడవాళ్లకు తగినది అని ఒకసారి అంటే, ఇంట్లో ముసలి తండ్రిని చూసుకోవడం కూడా కోడలికే తగినది అవుతుంది.

ఎయిమ్స్ నిష్పత్తి వెనుక వాదన ఏమిటంటే, ఆడ రోగులకు ఆడ నర్సు దగ్గర సౌకర్యంగా ఉంటుంది అని. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని నువ్వు తీసిపారేయకూడదు. అరుణా శాన్‌బాగ్ పేరు విన్నావా? ముంబయి కెఈఎం ఆసుపత్రిలో నర్సు. 1973 నవంబరులో అక్కడే పనిచేసే ఒక మగ ఉద్యోగి చేసిన దాడిలో మెదడు దెబ్బతిని మంచానికే పరిమితమైంది. 2015 మే 18న చనిపోయేదాకా, దాదాపు 42 ఏళ్లు, ఆ ఆసుపత్రి నర్సులే తరం తరువాత తరం ఆమెను చూసుకున్నారు. అన్నేళ్లు మంచంలో ఉన్న మనిషికి ఒక్క పుండు పడలేదని సుప్రీంకోర్టు 2011 తీర్పులో మెచ్చుకుంది. ఆడ రోగులకూ, తోటి సిస్టర్లకూ ఆసుపత్రిలో తెలియని మగవాడంటే ఎందుకు జంకు ఉంటుందో, నర్సింగ్ అంటే ఎంత ఉన్నతమైన పనో, రెండూ ఆ ఒక్క మంచం దగ్గర కనిపిస్తాయి. ఎవరైనా నిన్ను చూసి జంకితే నొచ్చుకోకు. ఆ జంకు నీ మీద కాదు, ఆమె బతుకులో చూసిన దాని మీద.

పాటించవలసిన పద్ధతి ఇది. ఆడ రోగి దగ్గరకు వెళ్లగానే పేరు చెప్పు, నర్సునని చెప్పు, ఏం చేయబోతున్నావో చెప్పు, సరేనా అని అడుగు. జవాబు వచ్చేదాకా చేయి వేయకు. ఈసీజీ లాంటిది తీయవలసి వస్తే, డ్రెస్సింగ్ మార్చవలసి వస్తే, ఒక సిస్టర్ పక్కన ఉండాలి. కర్టెన్ వేసిన చోట ఆడ రోగితో ఒంటరిగా ఉండకు. ఎవరు పక్కన ఉన్నారో కేస్‌షీట్‌లో రాయి. యూరిన్ కాథెటర్, అంటే మూత్రం పోయే గొట్టం, వేయడం ఆడవాళ్లకు సిస్టర్లే చేస్తారు, అది మార్చాలని నేను అనుకోను. అవసరమైనంత మేరకే దుప్పటి తొలగించు, పని కాగానే కప్పు. నా మొదటి ఏడాదిలో కడుపు ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ, "నువ్వొద్దు నాయనా, సిస్టరమ్మను పిలువు" అన్నారు. పిలిచాను. తొమ్మిది రోజులు ఆవిడ మా వార్డులో ఉన్నారు. ప్రతి రోజూ మందులు నేనే ఇచ్చాను, సెలైన్ నేనే పెట్టాను, నడవడానికి చేయి నేనే ఇచ్చాను, డ్రెస్సింగ్ మాత్రం చివరిదాకా సిస్టరే చేశారు. ఆవిడ మనసు మారలేదు, మారవలసిన అవసరమూ లేదు. ఆ ఒళ్లు ఆవిడది.

ఆ వాదనలో వదిలేసిన మిగతా సగం ఇది: మగ రోగికి సిగ్గు లేదా? ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన డెబ్బై ఏళ్ల మనిషి, జీవితంలో భార్య ముందు తప్ప పంచె విప్పనివాడు, మనవరాలి వయసు సిస్టర్ కాథెటర్ చూడడానికి వస్తే గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంటాడు. పక్క తడిసినా చెప్పడు. నొప్పి ఉన్నా చెప్పడు. రాత్రి డ్యూటీకి నేను రాగానే మెల్లగా, "బాబూ, ఇలా రా" అని పిలిచి అన్నీ చెబుతాడు. అప్పటికి ఆరు గంటలు తడి పక్క మీద ఉన్నాడన్నమాట. ఇలాంటివాళ్లను ఎన్ని వందల మందిని చూశానో లెక్కలేదు. మగ వార్డుల్లో మగ నర్సు అవసరం గురించి ఏ నిర్ణయంలోనూ ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే ఆ ముసలివాళ్లు ఎవరికీ ఫిర్యాదు చేయరు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ పని చాలావరకు ఎంఎన్ఓల మీద, అంటే వార్డులోని మగ సహాయకుల మీద, పడుతుంది. వాళ్లు మంచివాళ్లే, అయినా పుండు మొదలవుతున్న ఎర్రటి మచ్చను, మూత్రంలో రక్తపు గడ్డను గుర్తుపట్టే శిక్షణ వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు ప్రసూతి వార్డు. తప్పించుకోలేవు, తప్పించుకోకూడదు. మన దగ్గర పట్టా పొందితే నర్సుగానూ, కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌గానూ రెండు విధాలా నమోదవుతావు. ఆ కేసులు చూడాలి, రాయాలి. నేను మొదటి రోజు లేబర్ రూమ్‌లో కేస్‌బుక్ ఛాతీకి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. అక్కడి ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరకు వచ్చి, "నువ్వు సిగ్గుపడితే ఆమె సిగ్గు రెట్టింపవుతుంది. నీ చూపు ఆమె ముఖం మీద ఉంచు" అన్నారు. తరువాత నా చెవికి ఫీటోస్కోప్ ఆనించి, బిడ్డ గుండె వినమన్నారు. మొదట ఏమీ వినపడలేదు. సరైన చోటు దొరికాక వినపడింది, వేగంగా, నిమిషానికి 140 సార్లు. ఆ తల్లి నన్ను "వినపడుతోందా?" అని అడిగింది. వినపడుతోందమ్మా అన్నాను. మేమిద్దరం సిగ్గు సంగతి అప్పుడే మరిచిపోయాం. అందరూ ఆ తల్లిలాగే ఉండరు. వద్దన్నవాళ్ల దగ్గర నుంచి మారు మాట్లాడకుండా బయటకు రావాలి, దానికి కేసులు తక్కువ పడితే సిస్టర్లకు చెబితే సర్దుతారు. బ్రిటన్‌లో మగవాళ్లు మిడ్‌వైఫ్‌లుగా మారడానికి 1983లోగానీ పూర్తిగా దారి తెరుచుకోలేదు, కాబట్టి ఈ ఇబ్బంది మన దేశానికి మాత్రమే ఉన్నది కాదు.

నీ ప్రశ్నలో లేనిదీ, నేను నీకు అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నదీ ఒకటుంది. నువ్వు అనుకుంటున్నావు, మగవాడిని కాబట్టి ఇక్కడ నష్టపోతానని. చేరాక ఉద్యోగం దొరకడం వరకు కొంత నష్టం నిజమే. దొరికాక లెక్క తిరగబడుతుంది. రోగి బంధువులు వార్డులోకి రాగానే పాతికేళ్ల అనుభవం ఉన్న సిస్టర్‌ను దాటి నీ దగ్గరకు వచ్చి "డాక్టర్ గారూ" అంటారు. డాక్టర్లు రౌండ్లలో నీతో చదువు సంగతులు మాట్లాడతారు, సిస్టర్‌తో పని మాత్రమే చెబుతారు. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, క్యాజువాలిటీ, డయాలసిస్, ఆ తరువాత ఆఫీసు కుర్చీ, ఇలా నిన్ను మంచం పక్క నుంచి పైకి తోస్తూ ఉంటారు. 1992లో క్రిస్టీన్ విలియమ్స్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త నర్సింగ్, ప్రాథమిక పాఠశాల బోధన, గ్రంథాలయాలు, సమాజసేవ అనే నాలుగు వృత్తుల్లోని మగవాళ్ల మీద రాసిన వ్యాసంలో దీనికి గాజు ఎస్కలేటర్ అని పేరు పెట్టింది. కదిలే మెట్ల మీద నిలబడితే చాలు, అవే పైకి తీసుకుపోతాయి. ఉన్నచోటే ఉండాలంటే ఎదురు నడవాలి.

అందరినీ ఆ మెట్లు ఒకేలా మోయవు. అమెరికాలోనే 2009లో ఏడియా హార్వే వింగ్‌ఫీల్డ్ నల్లజాతి మగ నర్సుల మీద చేసిన అధ్యయనంలో ఈ సౌకర్యం వాళ్లకు అందడం లేదని తేలింది. వాళ్లను చూసి ఆసుపత్రి ఊడ్చేవాళ్లని అనుకునేవారట. మన దగ్గరా చూశాను. నేనూ, నా సహాధ్యాయి ఒకే యూనిఫాంలో పక్కపక్కన నిలబడితే, నన్ను డాక్టర్ గారూ అన్న మనిషే అతనితో "బాబూ, స్ట్రెచర్ తీసుకురా" అన్నాడు. అతను నాకంటే నల్లగా ఉంటాడు, అతని ఇంటిపేరు విని ఊరు అడిగేవాళ్లు, ఊరు విని వాడ అడిగేవాళ్లు. మా ఇద్దరిలో చేయి మెత్తనివాడు అతనే. దొరకని నరం కోసం మూడు వార్డుల నుంచి అతన్ని పిలిచేవారు.

నిన్ను ఎవరైనా డాక్టర్ అంటే అక్కడికక్కడే సరిదిద్దు. "నేను నర్సునండి. ఈ వార్డు ఇన్‌ఛార్జి ఆ సిస్టర్ గారు, ఆవిడను అడుగుదాం" అను. ప్రతిసారీ అను. నేను సౌదీ నుంచి వచ్చిన కొత్తలో అనకుండా ఊరుకునేవాడిని, వినడానికి బాగుండేది. ఒక రోజు నేను తెలియక చెప్పిన మాటను డాక్టర్ మాట అనుకుని ఒకాయన ఆపరేషన్ ముందు కాఫీ తాగాడు, ఆపరేషన్ వాయిదా పడింది. తప్పు నాది. ఆ రోజు నుంచి ఆ మాట సరిదిద్దకుండా వదలలేదు.

దానికి పక్కదే ఇంకొకటి. క్యాజువాలిటీలో తాగి గొడవ చేసేవాడు వస్తే అందరూ నిన్ను ముందుకు నెడతారు. వార్డుకు కాపలాదారుగా మారకు. ఆసుపత్రి సిబ్బంది మీద దాడులను నిరోధించడానికి 2008 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం ఉంది, మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది, నర్సులకూ వర్తిస్తుంది. భద్రతా సిబ్బందిని పెట్టడం ఆసుపత్రి బాధ్యత. అయితే రాత్రి డ్యూటీలో ఎవడైనా సిస్టర్‌ను అసభ్యంగా మాట్లాడితే నువ్వు కేస్‌షీట్‌లో తలదూర్చి కూర్చోకూడదు. ఆ ఇద్దరి మధ్యకు వెళ్లి నిలబడు, సూపరింటెండెంట్‌కు రాసేటప్పుడు సాక్షిగా సంతకం పెట్టు. నేను చూసిన మగ నర్సుల్లో సిస్టర్లు నిజంగా గౌరవించేవాళ్లు ఆ సంతకం పెట్టినవాళ్లే.

బలం ఎక్కడ పనికొస్తుందో కూడా చెప్పాలి. 2021 మే నెలలో, కొవిడ్ రెండో విడతలో, వెంటిలేటర్ మీద ఉన్న రోగులను బోర్లా తిప్పేవాళ్లం. రోజులో 16 గంటల దాకా బోర్లా ఉంచాలి. ఒక మనిషిని తిప్పడానికి ఐదుగురం కావాలి. తల దగ్గర, గొంతులోని గొట్టం పట్టుకుని, ఎప్పుడు తిప్పాలో లెక్క చెప్పేది ఎప్పుడూ మా సిస్టర్ ఒకరే. బక్కపలచని మనిషి. మేం నలుగురు మగవాళ్లం ఆమె మూడు అనేదాకా కదిలేవాళ్లం కాదు. తొందరపడి తిప్పితే గొట్టం జారుతుంది, నిమిషాల్లో మనిషి పోతాడు. పీపీఈ కిట్‌లో ఆమె గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. ప్రైవేటులో మొదటి జీతం చూసి గుండె ఆగినంత పనవుతుంది. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం ఏర్పాటు చేసిన కమిటీ, 50 పడకలలోపు ఆసుపత్రుల్లో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. అమలు రాష్ట్రాల చేతిలో పెట్టారు, అది చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయింది. కేంద్ర సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ మూల వేతనం 44,900. విదేశాలకు వెళ్లాలంటే చదువుకుంటున్నప్పుడే భాష మొదలుపెట్టు. బ్రిటన్‌కు ఐఈఎల్‌టీఎస్‌లో రాతలో 6.5, మిగతా మూడింటిలో 7 కావాలి. జర్మనీలో గుర్తింపుకు బీ2 స్థాయి జర్మన్ కావాలి. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ లైసెన్సు పరీక్ష కావాలి, అది హైదరాబాద్‌లోనే రాయవచ్చు. గల్ఫ్‌లో మగ వార్డులు వేరుగా ఉంటాయి కాబట్టి మనకు అవకాశాలు ఉన్నాయి, నేను వెళ్లింది అలాగే. ఏజెంటు రుసుము చట్టప్రకారం 30,000 రూపాయలు, దానిపై పన్ను, అంతకు మించకూడదు. లక్షలు అడిగినవాడి దగ్గర నుంచి లేచి వచ్చేయి. తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, ముందు అక్కడ విచారించు.

పెళ్లి గురించి అడగలేదు, అయినా మీ అమ్మగారి మనసులో అదే ఉండి ఉంటుంది. నా పెళ్లిచూపులకు వెళ్తున్నప్పుడు "ఆసుపత్రిలో ఉద్యోగం అని చెప్పు, చాలు" అని మా మేనమామ అన్నాడు. నేను నర్సునని చెప్పాను. రెండు సంబంధాలు అక్కడితో ఆగాయి. మూడో ఇంట్లో అమ్మాయి "రాత్రి డ్యూటీలు నెలకు ఎన్ని?" అని అడిగింది. ఆవిడే నా భార్య.

నాన్నగారితో వాదించకు. ఒక పని చేయి. మీ దగ్గరలోని ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో ఆయనను తీసుకుని ఉదయం ఎనిమిది గంటలకు వెళ్లు. డ్యూటీ మారే వేళ అది. నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అనుమతి అడిగి మగవాళ్ల సర్జికల్ వార్డులో ఒక మూల అరగంట నిలబడండి. రాత్రి నర్సు పగటి నర్సుకు ప్రతి మంచం గురించి ఏం చెబుతున్నారో వినండి: ఎవరికి జ్వరం, ఎవరి గాయం నుంచి డ్రెయిన్ గొట్టంలోకి ఎంత వచ్చింది, ఎవరు రాత్రంతా నిద్రపోలేదు. ఆయన వయసు రోగులు అక్కడ ఉంటారు. ఆయనకు ఏమనిపిస్తుందో ఆయనకే వదిలేయి.

నీట్ ఇంకోసారి రాయాలా అన్నదానికి నా అభిప్రాయం: డాక్టర్ కావాలన్న కోరిక నిజమైనదైతే రాయి. నర్సింగ్‌ను ఓడిపోయినవాడి సీటుగా భావించి చేరితే నాలుగేళ్లు నువ్వూ బాధపడతావు, నీ చేతిలో పడ్డ రోగులూ బాధపడతారు. రోగి దగ్గర ఉండడం ఇష్టమైతే మాత్రం ఆ సీటు వదలకు.

చేరే ముందు ఆ కాలేజీని ఇవి అడుగు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్, భారత నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? క్లినికల్ పోస్టింగ్‌లు ఏ ఆసుపత్రిలో, అక్కడ నిజంగా ఎన్ని పడకలు నిండుతాయి? అబ్బాయిలకు హాస్టల్ ఉందా, లేకపోతే రాత్రి పోస్టింగ్ అయ్యాక ఎలా వెళ్లాలి? అబ్బాయిలకు ప్రసూతి కేసులు ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో చూపిస్తారు? ఇప్పుడు మూడో ఏడాదిలో ఉన్న అబ్బాయి ఒకరితో మాట్లాడనిస్తారా? ఈ చివరి ప్రశ్నకు వాళ్లు తడబడితే జాగ్రత్తపడు. వచ్చిన జవాబులు ఇక్కడే రాయి, రాత్రి డ్యూటీ లేని రోజు చూసి చెబుతాను.